గుమ్మం పక్కన తీసిన ఫొటో

యాంబొల్ ఊళ్ళో ఎనిమిదంతస్తుల పాత బ్లాకు, మూడో అంతస్తులో త్రయాంక వంటగది. సెప్టెంబరు మధ్యాహ్నం. ఈ బ్లాకు బయటి గోడలకి కొత్త పలకలు తొడగబోతున్నారు, వాటి బొమ్మ వేసింది కూతురు రలిత్సా. బల్ల మీద ఆమె కంప్యూటరు, దాన్ని ఆనుకుని అప్పుడే కాల్చిన మిరపకాయల పళ్ళెం. అది ఏ క్షణాన కంప్యూటరు మీద ఒలికిపోతుందోనని త్రయాంక ప్రాణమంతా అక్కడే ఉంది.

"ఊడి పడితే?"

"పడదమ్మా."

"పడదమ్మా అంటే ఆగిపోతుందా? ఎనిమిదో అంతస్తు నుంచి ఒక్క పలక ఊడిందనుకో, కింద పిల్లల బండిలో పసిబిడ్డ ఉందనుకో..."

"ఎవరి పసిబిడ్డ? మన గుమ్మం వైపు ఇళ్ళల్లో అందరికంటే చిన్నావిడ కునేవా గారు. ఆవిడకే అరవై దాటాయి."

"చుట్టాలు రారా? చుట్టాలకి పిల్లలుండరా?"

"వెనకాల ఇనప పట్టాలుంటాయి. పట్టాలకి కొక్కేలుంటాయి. పలక వెళ్ళి కొక్కెంలో కూర్చుంటుంది. గాలొచ్చినా కదలదు. భూకంపం వచ్చినా..."

"భూకంపం మాటెత్తకు! థూ, థూ. చెక్క మీద కొట్టు. ఆ బల్ల కాదు, అది ప్లాస్టిక్కు. తలుపు మీద కొట్టు."

"కొట్టాను."

"గట్టిగా కొట్టలేదు."

"అమ్మా, ఆరింటికల్లా ఇది ఆఫీసులో ఇచ్చెయ్యాలి. దానికంటే ముందు నీకు చూపిద్దామని వచ్చాను. చూస్తావా, తలుపులు కొట్టిస్తావా?"

"చూస్తానులే. ముందు ఆ పళ్ళెం జరుపు. నూనె పడిందంటే ఆఫీసు వాళ్ళు ఊరుకోరు."

"జరిపాను. ఇటు చూడు. ముందు ఒక్క పలక చేస్తాను. ఇంత వెడల్పు, ఇంత పొడుగు, పక్కదానికీ దీనికీ మధ్య ఇంత సందు. అయిపోయింది. ఇక దీన్ని పక్కకి పరుచు, పైకి పరుచు అని చెప్తే చాలు. చూస్తున్నావా?"

"అబ్బో! నేను నోరు మూసేలోపు గోడంతా నిండిపోయింది. దీనికా వేసవంతా ఆఫీసులో కూచుని ఎండిపోయావు?"

"పరవడం తేలికే. ఎక్కణ్ణుంచి మొదలుపెడితే చివర్న సన్న పీలిక మిగలకుండా ఉంటుందో, అది చూసుకోవాలి. మూల తిరిగే దగ్గర సరిపోవాలి. నీ అల్లికలో పూలవరస లాగే."

"అల్లికలో తప్పొస్తే విప్పేస్తాను. ఇందులో తప్పొస్తే?"

"మొదటి పలకని బాగుచేస్తే చాలు. మిగతావన్నీ దాని నకళ్ళే. అన్నీ ఒక్కసారే బాగైపోతాయి."

"అంటే ఒకటి పాడైతే అన్నీ ఒక్కసారే పాడైపోతాయన్నమాట."

"అలా ఎవరూ అనుకోరమ్మా."

"నేననుకుంటాను. ఎవరో ఒకరు అనుకోవాలి కదా. నా మిరపకాయల పొయ్యి ఎక్కడ పెట్టుకోవాలి మరి? బాల్కనీ గోడకి కూడా తొడుగుతారా ఇవి?"

"బయటి వైపే. లోపల నీ పొయ్యి నీదే. నీ పడగ్గది మూల ఆ నల్ల బూజు ఉంది చూడు, అది మాత్రం ఇక రాదు. తడి లోపలికే రాదు. నీ దగ్గూ తగ్గుతుంది."

"తగ్గుతుందో, దాని బదులు ఇంకోటి వస్తుందో. కింద అంతస్తు స్పాస్ అన్నయ్య పెట్టాడా సంతకం?"

"లేదు."

"ఇంకా లేదా?"

"ఆయనొక్కరే మిగిలారు. మన ఇంటి సంతకం నేనే పెట్టేశాను. రెండో అంతస్తు వరకూ వెళ్ళాను పొద్దున. తలుపు సందులోంచే 'గోడ ముట్టుకోవద్దు' అన్నారు, వేసేసుకున్నారు."

"వేల్కా వదిన పోయినప్పట్నుంచీ అంతే. లిఫ్టు బాగుచేయిద్దాం అంటే వద్దు. గుమ్మం దగ్గర దీపం పెట్టిద్దాం అంటే వద్దు. సంతకం పెట్టకపోతే ఏమవుతుంది?"

"చెప్పాను కదమ్మా. ఇంటింటి సంతకమూ ఉండాలి. ఒక్కటి తగ్గినా మునిసిపాలిటీ వాళ్ళు కాగితాలు తీసుకోరు. ఇవాళ పంపకపోతే మన వంతు స్టేషను దగ్గర బ్లాకు వాళ్ళకి పోతుంది."

"నీ పని?"

"నా పనికేం."

"ముఖం అటు తిప్పుకుని చెప్పకు. నీ పనికేమవుతుంది?"

"ఆఫీసులో మా పెద్ద మానెవ్ గారు నాకు ఈ బ్లాకు ఇచ్చిందే, నేను ఇక్కడ పుట్టానని. మీవాళ్ళ చేత సంతకాలు పెట్టించుకోలేకపోతే ఇంకెవరిచేత పెట్టిస్తావు అన్నారు. వచ్చే వారం చెప్తారు, ఉండాలో వెళ్ళాలో."

"నాకు తెలుసు. మళ్ళీ చెప్పుల కొట్టే."

"ఏం కాదమ్మా."

"చెప్పుల కొట్లో కూడా ఇప్పుడు తీసుకోరు. అక్కడ కొత్త పిల్ల చేరింది. నేను చూశాను."

"అమ్మా, బొమ్మ చూడు."

"చూస్తున్నా. రంగు మన గోడలాగే ఉందే."

"మన గోడే అది. ముసలివాళ్ళు కొత్తదంటే బెదురుతారు, పాత గోడలాగే కనబడేట్టు చెయ్యమన్నారు మానెవ్ గారు. కింద గుమ్మం పక్కన వాన పడని చోటుంది కదా, అక్కడ గోడ శుభ్రంగా ఉంటుంది. ఫొటో తీశాను. ఆ ఫొటోని పలకకి తొడిగాను, దిండుకి గలీబు తొడిగినట్టు."

"ఈ తెల్ల మచ్చలు?"

"మెరుపు. ఎండ పడినప్పుడు."

"అన్నిటి మీదా ఒకే చోట పడుతుందా ఎండ?"

"పలకలన్నీ ఒకటే కాబట్టి మెరుపూ ఒకటే. మానెవ్ గారికి అదే బాగా నచ్చింది. గోడకి నడక వచ్చింది అన్నారు."

"గోడకి నడకెందుకే?"

"అంటే అందం."

"నడిచే గోడ నాకొద్దు. మన కిటికీ చూపించు."

"నువ్వే వెళ్ళు. ఈ మౌసు చక్రం ముందుకి తిప్పు, దగ్గరికి వెళ్తావు."

"పాడైతే?"

"పాడవదు."

"నెమ్మదిగా తిప్పుతా. వెళ్తోంది, వెళ్తోంది. ఇది కునేవా వాళ్ళది. ఇది మనది. తెరలేవి?"

"తెరలు పెట్టలేదు."

"లోపల చీకటిగా ఉందేం? నేనెక్కడికి పోయాను?"

"మనుషుల్ని పెట్టలేదమ్మా. గోడొక్కటే."

"ఎవర్నీ పెట్టలేదా?"

"ఎవర్నీ పెట్టలేదు."

"మరి వేల్కా వదిన ఎందుకుంది?"

"ఏమిటీ?"

"మన కిటికీ పక్కన. వేల్కా వదిన."

"కళ్ళజోడు పెట్టుకో అమ్మా."

"పెట్టుకునే ఉన్నా. నల్ల అంచు, పైన శిలువ, మధ్యలో వదిన. కింద 'నువ్వు లేక ఆరు నెలలు' అని ఉంది. మొత్తం చదవమంటావా?"

"జరుగు."

"'నీ స్పాస్, నీ ఇరుగుపొరుగు...'"

"అమ్మా, జరుగు. జరగవే ఒకసారి."

"నన్ను 'వే' అంటున్నావు. అంటే నిజమే అన్నమాట. పక్కదాని మీదా ఉందా?"

"ఉంటుంది."

"పైదాని మీద?"

"అన్నిటి మీదా ఉంటుంది."

"వెనక వైపు గోడ మీద? బడి వైపు?"

"అటూ ఇదే పలక."

"ఓ తల్లీ. శిలువ వేసుకో. నువ్వూ వేసుకో. బ్లాకు మొత్తానికి చావు కాగితం అంటించావు కదే! ఎనిమిదంతస్తులకీ! ఇలాంటి శకునం నేనెక్కడా వినలేదు."

"శకునం కాదు, ఫొటో."

"ఫొటో తీసేటప్పుడు ఏం చేస్తున్నావు? ఎదురుగా మనిషి ముఖం ఉంటే కనబళ్ళేదా?"

"కనబళ్ళేదు."

"చదువుకున్నదానివి!"

"నీకు కనబడతాయా? రోజూ వెళ్తావు ఆ గుమ్మంలోంచి. అక్కడ ఎవరెవరివి ఉన్నాయో చెప్పు."

"చెప్తా. వేల్కా వదినది. ఆ పళ్ళ డాక్టరుది. మీ నాన్నది."

"నాన్నది వేసవి వానలకి ఊడిపోయింది. నువ్వే చెప్పావు నాకు ఫోన్లో, ఏడుస్తూ."

"ఊడిపోయిందా? నిన్న కూడా వెళ్తూ వెళ్తూ పలకరించినట్టే ఉందే."

"చూశావా మరి. ఊరంతా పోయినవాళ్ళ కాగితాలే. చెట్టుకి ఉంటాయి, తలుపుకి ఉంటాయి, బస్సు ఆగే చోట ఉంటాయి. పుట్టినప్పట్నుంచీ గోడంటే అవి కూడా కలిపే. కాగితం లేని గోడ తీసుంటే నాకే ఏదో తక్కువైందనిపించేదేమో."

"మీ మానెవ్‌కీ కనబళ్ళేదా?"

"ఆయన నడక అన్నారు."

"సరే. సరే. ఒకటి మారిస్తే అన్నీ మారతాయన్నావు. మార్చు. నేను చూస్తుండగా మార్చు."

"చూడు. ఫొటోలో ఆ ముక్క చెరిపేస్తాను. ఇదిగో. అంతే."

"పోయిందా?"

"పోయింది."

"అన్నిటి మీదా?"

"అన్నిటి మీదా."

"ఎనిమిదో అంతస్తు మీద కూడా?"

"అమ్మా, ఎక్కడా లేదు. వట్టి గోడ."

"మన కిటికీ పక్కన కూడా లేదు."

"ఏమిటి? తీసెయ్యమన్నావుగా."

"మళ్ళీ పోయింది పాపం."

"అమ్మా."

"ఆసుపత్రిలో కూడా అంతే. నేను సూపు గిన్నె కడుక్కొచ్చేలోపు పోయింది. ఇంత తొందరగా పోవడం నాకేం బాగాలేదు."

"ఏడవకు. ఎలాగూ మళ్ళీ పెట్టేయాలి."

"ఎందుకు?"

"పొద్దున కునేవా గారికి పంపాను కదా బొమ్మ."

"పంపితే?"

"ఆవిడ బ్లాకు పెద్ద. రంగుల్లో అచ్చు వేయించి కింద అంటించారు."

"ఎక్కడ?"

"గుమ్మం పక్కన."

"గుమ్మం పక్కన అంటే?"

"వాన పడని చోట."

"వదిన కాగితం పక్కనేనా?"

"పక్కనే. రెండూ ఒకే టేపుతో."

"ఎవరూ ఏమీ అనలేదా?"

"బాగుందన్నారు. స్టోయ్చెవ్ గారైతే హుందాగా ఉందన్నారు. అందరూ దాని కిందే సంతకాలు పెట్టారు."

"పరుగెత్తు. చింపేసి ఇప్పుడు చేసినది అంటించు. ఎవరికి తెలుస్తుంది?"

"సంతకాలు ఆ కాగితం మీదే ఉన్నాయమ్మా. బొమ్మ మారితే సంతకాలు చెల్లవు, మళ్ళీ అందరూ పెట్టాలి. సగం మంది పెట్టేసి ద్రాక్ష కోతలకి పల్లెలకి వెళ్ళిపోయారు. ఇవాళ ఎక్కణ్ణుంచి పట్టుకురాను?"

"అయితే మానెవ్‌కి ఫోన్ చెయ్యి. వద్దు, చెయ్యకు. తెలిస్తే ఇవాళే పంపేస్తాడు. లేదు, చెయ్యి. తర్వాత తెలిస్తే జైల్లో పెట్టిస్తాడు."

"ఆయనే మెసేజీ పెట్టారు ఇందాక."

"ఏమని?"

"'ఆ తెల్ల గుర్తులు అలాగే ఉంచు. మునిసిపాలిటీ వాళ్ళకి నచ్చాయి.'"

"దేవుడా!"

"నేను మళ్ళీ పెట్టేశాను. చూడు. ఉంది. కింద అంటించిందీ ఇదీ ఒకటే ఉండాలి."

"బావుంది. పిలిస్తే వచ్చింది, పొమ్మంటే పోయింది. బతికుండగా వదిన ఎవరి మాటా వినలేదు. సరే, నా మాట విను. సంతకం పెట్టేదాకా స్పాస్ అన్నయ్య ఆ బొమ్మ చూడకూడదు."

"బొమ్మ చూడకుండా బొమ్మ కింద సంతకం ఎలా పెడతారు?"

"ఆయనకి కళ్ళు సరిగా కనబడవుగా."

"వేసవిలో ఆపరేషన్ చేయించుకున్నారు. నువ్వే తోడెళ్ళావు."

"వెళ్ళాను. నా ఖర్మ. ఎవరికి మంచి చేసినా ఇంతే."

"ఎక్కడికి?"

"బాల్కనీలోకి. ఊపిరాడటం లేదు."

"అంత వంగకు."

"రలిత్సా."

"ఏమిటి?"

"ఉన్నాడు."

"ఎవరు?"

"స్పాస్ అన్నయ్య. కింద. బొమ్మ ముందు."

"నిలబడ్డారా?"

"కూర్చున్నాడు. చేపల వేటకి తీసుకెళ్ళే మడత కుర్చీ తెచ్చుకుని వేసుకున్నాడు."

"ఎంతసేపట్నుంచి?"

"మిరపకాయలు కాల్చేటప్పుడు కూడా ఎవరో కూర్చున్నారే అనుకున్నాను. పొగలో పోల్చుకోలేదు. చేతిలో ఏదో మెరుస్తోంది. కత్తేమో!"

"భూతద్దం అమ్మా అది."

"అది ఇంకా ఘోరం. ఆయనకి గుండె ఆగుతుంది చూడు. ఆగితే నువ్వే చంపావంటారు. తర్వాత ఆయన కాగితం కూడా అక్కడే..."

"అమ్మా!"

"అనలేదు. అనబోయానంతే. లేచాడు. కుర్చీ మడిచాడు. కునేవాతో ఏదో మాట్లాడుతున్నాడు. లోపలికొస్తున్నాడు."

"ఆయనింటికి వెళ్తారులే. రెండో అంతస్తేగా."

"ఉష్. విను. చెప్పుల చప్పుడు. రెండు దాటాడు."

"ఎలా తెలుసు?"

"దాటాడు. దగ్గు దగ్గరకొచ్చింది. కంప్యూటరు మూసెయ్. నువ్వేం మాట్లాడకు, నేను చెప్తా. అమ్మాయి గౌరవంగా పెట్టింది అని చెప్తా."

"అబద్ధం చెప్పను నేను."

"అబద్ధం చెప్పమన్నానా? నిజాన్ని కాస్త ఆలస్యంగా చెప్పమంటున్నా. సంతకం అయ్యాక."

"తలుపు కొడుతున్నారు."

"నాకూ వినబడింది. నువ్వు తియ్యి. వద్దు, నేను తీస్తా. నిన్ను కొడితే?"

"ఆయన ఎవర్ని కొట్టారమ్మా ఎప్పుడైనా?"

"ఇలాంటిది ఎవరు చేశారు ఎప్పుడైనా?"

"చెల్లెమ్మా, ఇంట్లో ఉన్నావా?"

"లేను అన్నయ్యా! అంటే, ఉన్నాను. తీస్తున్నా, తీస్తున్నా. రండి. కూర్చోండి. చెమట్లు పట్టాయి మీకు. చల్లటి మజ్జిగ, అయ్రాన్ తెస్తా. జున్ను రొట్టె, బనిత్సా ఉంది, వేడిచేస్తా."

"వద్దు."

"నాడి చూడనా? ఎడమ చెయ్యి లాగుతోందా?"

"నా చెయ్యి బాగానే ఉంది చెల్లెమ్మా. రలిత్సా ఏది?"

"ఇక్కడే ఉన్నాను మావయ్యా."

"కింద ఆ బొమ్మ నువ్వు వేసిందేనా?"

"నేనే."

"ఆఫీసు వాళ్ళ చెయ్యేమైనా ఉందా అందులో?"

"లేదు. మొత్తం నేనే."

"దానికి వదినంటే ప్రాణం అన్నయ్యా! చిన్నప్పుడు మీ ఇంట్లోనే కదా పెరిగింది, మీ ఇంట్లో జామ్ తిని, మీ తివాచీ మీద..."

"చెల్లెమ్మా, కాస్త ఆగు. నేను గోడ ముట్టుకోవద్దని ఎందుకన్నానో తెలుసా మీకు?"

"తెలీదు మావయ్యా. మీరు చెప్పలేదు."

"చెప్తే ముసలాడి చాదస్తం అంటారని చెప్పలేదు. వంతెన అవతల బ్లాకుకి వేశారు చూడు పలకలు, పోయిన ఏడు. నా స్నేహితుడు ఉండేవాడు అందులో. వెళ్ళాను. అద్దంలా ఉంది గోడ. ఒక్క కాగితం లేదు. ఏమయ్యారు ఇక్కడి మనుషులు అని అడిగాను. పలకకి జిగురు పట్టదు, అంటించినా తీసేస్తాం అన్నారు. ఆ బ్లాకులో ఇంతవరకూ ఎవరూ పోనట్టు ఉంది ఆ గోడ."

"అయ్యో అన్నయ్యా."

"మా వేల్కా కాగితం నెల నెలా మార్చి అంటిస్తాను నేను. వానకి మూల లేస్తే మళ్ళీ టేపు వేస్తాను. రోజూ పొద్దున బ్రెడ్డు కోసం కిందికి దిగుతాను, వచ్చేటప్పుడు ఒక నిమిషం నిలబడతాను. అంతే నాకున్న పని. అది కూడా కప్పేస్తామంటే వద్దన్నాను."

"అన్నయ్యా, నీళ్ళు తాగండి."

"ఇవాళ కునేవా బొమ్మ అంటించింది. దూరం నుంచి చూశాను. అదే నునుపు అనుకున్నాను. తిడదామని దగ్గరికి వెళ్ళాను. తర్వాత ఇంటికెళ్ళి భూతద్దం తెచ్చుకున్నాను. తర్వాత కుర్చీ తెచ్చుకున్నాను."

"మావయ్యా, నేను..."

"ఎనిమిదో అంతస్తు దాకా ఎక్కింది చూడు. ఆ మోకాళ్ళతో రెండో అంతస్తు దాటలేదు ఎప్పుడూ. మీ ఇంటికి రావాలని ఎన్నిసార్లు అంది! ఒక్కసారి రాలేకపోయింది."

"తాడుకి బుట్ట కట్టి దింపేదాన్ని అన్నయ్యా, బాల్కనీలోంచి. నా మిరపకాయలు తను తీసుకునేది, తన జామ్ నాకు పెట్టేది. కింద నుంచి ఒకటే కేకలు, 'లాగవే, లాగు, చీమలు పడుతున్నాయి' అని."

"ఇప్పుడు మీ వంటింటి కిటికీ పక్కనే ఉంది."

"ఉంది. చూశాను."

"చూశావా? నువ్వొక్కదానివే చూశావన్నమాట. మిగతావాళ్ళంతా నా ముందే సంతకాలు పెట్టి, రంగు బాగుంది అని చెప్పి వెళ్ళారు. సరే. నేనూ పెట్టేశాను."

"పెట్టేశారా!"

"కునేవా కలంతో."

"బతికించారు అన్నయ్యా! అయిపోయింది. ఇక కూర్చోండి, ఓ గుక్క రకియా సారా పోస్తాను, మిరపకాయలు వడ్డిస్తాను. రలిత్సా, నువ్వు కిందికెళ్ళి ఆ కాగితాలు పట్టుకుని ఆఫీసుకి పరుగెత్తు. మెట్లు చూసుకుని దిగు. ఇంకొక్క మాట మాట్లాడకు."

"మావయ్యా, ఒక్క మాట."

"వద్దే."

"అది పొరపాటు మావయ్యా."

"అయిపోయింది. చెప్పేసింది. నాకు తెలుసు చెప్పేస్తుందని."

"గోడ ఫొటో తీస్తుంటే పడింది. నేను చూసుకోలేదు. కావాలని పెట్టలేదు."

"నాకు తెలుసమ్మాయ్."

"తెలుసా?"

"కావాలని పెట్టినదానివైతే, పక్కన 'లిఫ్టు పనిచేయదు' అన్న కాగితం మూల కూడా పెడతావా ప్రతి పలక మీదా?"

"అది కూడా పడిందా?"

"నా భూతద్దం ఇస్తాను, చూసుకో."

"తెలిసే సంతకం పెట్టారా మరి?"

"తెలిసే పెట్టాను."

"మీరు అనుకుంటున్నట్టు రాదు మావయ్యా. వాళ్ళు కట్టేముందు నేను తీసేయాలి. మామూలు పలకలే వస్తాయి. మీతో ముందే చెప్పకుండా సంతకం తీసుకుంటే అది మోసం. అందుకని చెప్తున్నా."

"తీసేస్తే బొమ్మ మారినట్టేనా?"

"మారినట్టే."

"మారితే అందరూ మళ్ళీ సంతకం పెట్టాలేమో?"

"పెట్టాలి."

"అయితే తిరుగు. పల్లెలకి వెళ్ళు, ద్రాక్షతోటల్లో వెతుకు, అందరిచేతా పెట్టించుకో. నా తలుపు మాత్రం కొట్టకు."

"మావయ్యా, గోడంతా అలా ఎవరైనా కడతారా?"

"అందరూ సంతకాలు పెట్టారు. మీ ఆఫీసు వాళ్ళు మెచ్చుకున్నారు. మునిసిపాలిటీ వాళ్ళకీ నచ్చిందని కునేవా చెప్పింది. ఎవరికీ లేని అభ్యంతరం నీకెందుకు?"

"అమ్మా, నువ్వైనా చెప్పు!"

"నేనేం చెప్పనే... అన్నయ్యా, పొద్దున్నే కిటికీ తీయగానే నల్ల అంచు చూడాలంటే నాకు భయం. బుర్గాస్‌లో సముద్రం ఒడ్డున తీసింది ఉందిగా వదినది, ఎర్ర స్వెట్టరులో, నోరంతా తెరిచి నవ్వుతూ. అది తెచ్చివ్వండి, దీని బదులు అదే పెట్టిస్తాను."